తొలి అడుగు ఎవరిది?

కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున్నే యెన్ చేతి వేళ్లకు సిరా అంటుకుంది. ఆ మరక చూసుకుని ఆమె తెగ మురిసిపోయింది. పెళ్లయి మూడు నెలలు. నామ్ దిన్ ఊళ్లోని అత్తవారింట్లో ఆమెకు ఇదే తొలి టెట్, అంటే కొత్త ఏడాది పండుగ. స్నానం చేసి, కొత్త బట్టలు వేసుకుని, ఆ ఏడాది ఎలా ఉండాలనుకుంటున్నారో ఎర్ర కాగితం మీద రాసి గోడకు అంటించడం ఆ ఇంటి ఆచారం.

భర్త క్వాంగ్ "పొట్ట తగ్గించాలి" అని రాసి, ఆ కాగితం మీదే టీ కప్పు పెట్టాడు. అత్తగారు థొవా ఏటా రాసే మాటే రాసింది: "ఓపిక." యెన్ మాత్రం నాలుక కొన బయటపెట్టి గుండ్రంగా రాసింది: "ఈ ఏడు మా గుమ్మం నుంచి ఎవరినీ చిన్నబుచ్చి పంపను."

"అబ్బో! మరి నన్నో?" అన్నాడు క్వాంగ్.

"నువ్వు గుమ్మం లోపలివాడివి. నీకిది వర్తించదు."

థొవా నవ్వుతూనే వేలు చూపించింది. "ఇదిగో అమ్మాయ్, ఇవాళ చీపురు ముట్టకు. కప్పులు పగలగొట్టకు. అబద్ధమాడకు. ఇవాళ ఏం చేస్తే ఏడాదంతా అదే. కొత్త ఏడాదిలో బయటినుంచి తొలి అడుగు ఎవరిదైతే ఇంటికి వాళ్ల అదృష్టమే. ఎనిమిదింటికి మీ పెదమామయ్య వస్తారు. ఆయన అడుగు పడేదాకా ఎవ్వరూ గడప లోపలికి రాకూడదు."

ఆ ఏటికి పెదమామయ్య పుట్టిన సంవత్సరం కలిసొస్తుందని ఆమె నెల ముందే చూసి పెట్టుకుంది. మామగారికి గుండె ఆపరేషన్ అయి ఆరు నెలలే అయింది మరి.

వంటింట్లో తెల్లదారం కట్టిన నాలుగు జిగురుబియ్యం పొట్లాలు విడిగా ఉన్నాయి. "ఇవెవరికత్తయ్యా?" అని యెన్ అడిగితే, "ఉండనీ" అని మాత్రం అంది.

యెన్ తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. ఎదురింటి లువా సందులో గోడ వారగా నడిచి వస్తోంది. చొక్కాకు కుట్టిన నల్లగుడ్డ ముక్క కనబడుతోంది. భర్త పోయి నాలుగు నెలలు.

"పిన్నీ! ఒక్క కప్పు టీ తాగి వెళ్లండి."

"వద్దు తల్లీ. చావు జరిగిన ఇల్లు మాది. ఇవాళ ఎవరి గడపా తొక్కకూడదు."

"నాకు జ్వరమొస్తే అల్లం కషాయం తెచ్చిందెవరు? మీరు కాదూ? అప్పుడు తొక్కిన గడపేగా!"

గోడ మీది ఎర్ర కాగితం ఇంకా ఆరనేలేదు. యెన్ చెయ్యి చాపి లువా చేతిని పట్టుకుని లాగింది. పెద్దావిడ తూలి, ఒక కాలు గడప లోపల పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే థొవా టీ పళ్లెంతో వచ్చింది. లువా ముఖం పాలిపోయింది. "అక్కా, నేను కావాలని కాదు..." అంటూనే వెనక్కి పరుగెత్తింది. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది.

"ఏం పని చేశావే!"

"ఆవిడ ఒంటరిగా ఉన్నారత్తయ్యా. శకునాల కోసం మనిషిని వీధిలో నిలబెడతామా? మీకు మామయ్య గురించి భయం, అంతేగా?"

"భయమే. కాదనను." థొవా పళ్లెం కింద పెట్టింది. "నా భయం నేను పడతాను. మరి ఆవిడ? ఈ ఏడాది మీ మామయ్యకి దగ్గొచ్చినా, మీకేం జరిగినా, తన కాలు పెట్టడం వల్లేనని ఆ తల్లి కుమిలిపోదూ? రావద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మన మేలు కోరి తనే రానంది. ఆ గౌరవమైనా దక్కనిచ్చావా?"

యెన్ గోడ మీది కాగితం వైపు చూసింది. ఏ గుమ్మం గురించి అంత అందంగా రాసిందో, ఆ గుమ్మం నుంచే ఒక మనిషి ఒంటి చెప్పుతో పారిపోయింది. కళ్లు నిండిపోయాయి. "నా రాత నిలబెట్టుకోవాలనే చూశాను గానీ, పిన్ని ముఖం చూడలేదు."

"ఏడవకు, ఇవాళ ఏడిస్తే ఏడాదంతా ఏడవాలి. ఆ చెప్పు తీసుకో. వాళ్లు మనింటికి రాకూడదు గానీ, మనం వెళ్లకూడదని ఎవరన్నారు?" అంటూ థొవా తెల్లదారం పొట్లాలు చేతికెత్తుకుంది. "చావు జరిగిన ఇంట్లో ఈసారి ఇవి వండరు. అందుకే కట్టాను."

లువా తన పూజగది ముందు చతికిలబడి ఉంది. యెన్ ఆమె కాలి దగ్గర చెప్పు పెట్టి, "తప్పు నాది పిన్నీ. మిమ్మల్ని అడిగాను గానీ మీ మాట వినలేదు" అంది.

లువా ఆ మాట పట్టించుకోలేదు. "అక్కా, బావగారు బాగానే ఉన్నారా?"

"ఆయనకేం! డాక్టరు వద్దన్నా రెండో పొట్లం విప్పుతున్నారు. అయినా నీది తొలి అడుగెలా అవుతుంది? తెల్లవారుజామున నేను గుడికెళ్లి తిరిగొచ్చాను. ముందు పడింది నా అడుగే."

లువా యెన్ వైపు తిరిగింది. "నిజమా తల్లీ?"

అత్తగారు తెల్లవార్లూ పొయ్యి ముందు నుంచి కదల్లేదని యెన్‌కి తెలుసు.

"నిజమే పిన్నీ. తలుపు తీసింది నేనే."

లువా భుజాలు కిందికి దిగాయి. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, ఒక పొట్లం భర్త పటం ముందు పెట్టి, రెండోదాని దారం విప్పసాగింది. "తిని వెళ్లండి" అంది, చాలా మామూలుగా.

తిరిగి వస్తూ యెన్ మెల్లగా అడిగింది. "అత్తయ్యా, ఇవాళ అబద్ధమాడితే ఏడాదంతా ఆడాల్సొస్తుందన్నారుగా?"

"ఆవిడ కోసమైతే ఆడదాంలే," అంటూ థొవా కోడలి చెయ్యి పట్టుకుంది. "త్వరగా నడు. మీ పెదమామయ్య గడప బయట చలికి గెంతుతున్నారు."