ఎడమచేతి ముడి

"నీళ్ళడుగున దీపమెట్టి, ఎవరి కోసమే... ఎవరి కోసమే..."

ఆ తర్వాతి మాట ఆమెకు ఏనాడూ గుర్తు రాదు. చిన్నప్పటి పాట. క్వారీ గట్టున తాడు పట్టుకుని కూర్చున్నప్పుడల్లా నోట్లో అదే ఆడుతుంది.

సముద్రమే లేని దేశంలో ఆమె మొగుడిది నీళ్ళ అడుగుకు దిగడం నేర్పే పని. బోడిగుండుకూ మోకాలికీ ముడి అని జనం నవ్వేవాళ్ళు. రాయి తీసి వదిలేసిన క్వారీ నీళ్ళతో నిండింది. వీపున గాలి సిలిండరు కట్టుకుని అందులోకి దిగుతాడు. గట్టున ఆమె. పైనుంచి తాడు ఒకసారి లాగితే "బాగున్నావా" అని. కిందినుంచి ఒకసారి లాగితే "బాగున్నా" అని.

అంతకుముందు ఈ తాడు పట్టింది అతని మొదటి భార్య. ఎడమచేతి వాటం మనిషి. ఒకనాడు తానే దిగింది. శవం కూడా దొరకలేదు.

నేర్చుకునేవాళ్ళు లేని రోజున కూడా అతను దిగుతున్నాడు. ఎందుకో మరి.

"పోయిన సవతితో పోరేమిటే పిచ్చిదానా? బతికున్నదైతే జుట్టైనా పట్టుకోవచ్చు," అంది ఆడపడుచు. ఆమెకు నవ్వు రాలేదు. అతన్ని ఆ నీళ్ళకు వదులుకోకూడదు, అంతే.

ఆ సాయంత్రం అతని నడుముకు తాడు తానే బిగించింది.

"అంత గట్టిగా ఎందుకే?"

"ఇంకెవరూ విప్పకుండా."

నీళ్ళు అతని మీద నల్లగా మూసుకున్నాయి. తడి రాతి వాసన. బుడగలు లేచాయి... తగ్గాయి... ఆగిపోయాయి.

ఒకసారి లాగింది. ఒకసారి జవాబొచ్చింది. ప్రాణం కుదుటపడాల్సింది. పడలేదు. ఉక్రోషం ఆపుకోలేక, ఎవరూ నేర్పని ప్రశ్న అడిగింది. రెండుసార్లు లాగింది.

ఇద్దరూ బాగున్నారా?

తాడు కదల్లేదు. తర్వాత... ఒకసారి, గట్టిగా.

ఇంకోసారి... మెల్లగా.

చేతులు కోసుకుపోయేలా పైకి లాగింది. వచ్చాడు. ఆమె ఎప్పుడూ చూడని నవ్వు మొహంతో వచ్చాడు. నడుము దగ్గర ముడి ఆమె వేసింది కాదు. అటు తిరిగిన ముడి. ఎడమచేతిది.

"ఎవరు కట్టారిది?"

అతను ఆ ముడిని తీరిగ్గా విప్పాడు. తాడు చుట్టచుట్టి ఆమె ఒళ్ళో పెట్టాడు, చంటిబిడ్డను అప్పగించినంత మెత్తగా. మళ్ళీ నీళ్ళ వైపు వంగాడు.

"ఇక నువ్వు ఇంటికెళ్ళు. కింద పట్టుకునే మనిషి ఉంది."