పసుపు పూసిన మోకు

తెల్లవారుతూనే భద్రమ్మ వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గేసి, పసుపు గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి నడిచింది. కొయ్యకు వేలాడుతున్న మోకు ఆమె భర్త మొగిలయ్యది. దాన్ని చెట్టుకూ తన నడుముకూ చుట్టుకుని హసన్‌పర్తి అవతలి తాటివనంలో బతుకంతా కల్లు గీశాడు. ఒక్కసారీ చెట్టు మీంచి పడలేదు. పోయినేడు జ్వరమొచ్చి మంచంలోనే కన్నుమూశాడు. అదంతా మోకు చలవేనని భద్రమ్మ నమ్మకం. ఎల్లమ్మ పండుగకీ, శుక్రవారాలకీ తడి పసుపు పూసీ పూసీ దానికి పెచ్చు కట్టించింది.

మేనమామ చెట్ల మీద పని నేర్చుకున్న కొడుకు మహిపాల్, తండ్రి చెట్లు మొదటిసారి ఎక్కబోయేది ఈ రోజే.

"రా కొడుకా, నాయిన మోకు భుజానేసుకో" అని పిలిచింది.

కోడలు రమ వంటింట్లోంచి విసురుగా వచ్చింది. చేతిలో కల్లుగీత సొసైటీ వాళ్ళిచ్చిన కొత్త సేఫ్టీ బెల్టు ఉంది.

"గా మోకు వద్దత్తమ్మా. పాతవడ్డది. పాత మోకులు పక్కకు పెట్టుమని ట్రైనింగుల సార్లు చెప్పిండ్రు."

"గా సార్లు ఎన్నడన్న చెట్టెక్కిండ్రా? కుర్చీల కూసుండి చెప్తాండ్రు. ఇది మా మామ చేత్తో పేనిన మోకు. మీ మామ పానం కాపాడింది."

"కాపాడింది, కాదంటలేను. ఇగ సాలు. దేవుని అర్రల పెట్టుకొని మొక్కు."

"నిన్నగాక మొన్నొచ్చి నా ఇంట్ల పెత్తనం చేత్తానవా?"

"నిన్నగాక మొన్ననా? ఇద్దరు పిల్లల తల్లినైన ఈ ఇంట్ల!"

"జర లొల్లి ఆపుండ్రి, బజారంతా ఇంటాంది" అన్నాడు మహిపాల్.

"నువ్ నోర్ముయ్!" అన్నారిద్దరూ. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం అత్తాకోడళ్ళు కలిశారు.

మహిపాల్‌కు నోరు మూసుకోవడం బాగా అలవాటు. తల్లి కళ్ళలో నీళ్ళు చూసి, ఇక ఈ గొడవ తెగదనుకుని, మోకు తీసి భుజాన వేసుకున్నాడు. భద్రమ్మ కోడలి వైపు గెలిచినట్టు చూసింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"నీ మొగడు వాళ్ళ నాయినంత మొనగాడు కావద్దని నీ కడుపుమంట" అంది.

రమ ముఖం మాడిపోయింది.

"నీకు మామ యాది కావాలె, నాకు మొగడు కావాలె! నీ యాది కోసం నా మొగణ్ణి చెట్టెక్కియ్యకు!"

చెంప మీద కొట్టినట్టయింది భద్రమ్మకు. రమ అప్పటికే మోకు పట్టి లాగేసింది. రెండో కొసను భద్రమ్మ ఒడిసి పట్టుకుంది. "ఇడువే!" అని ఒకరు, "ఇడువ!" అని ఇంకొకరు. నడి వాకిట్లో ముగ్గు తొక్కుకుంటూ గుంజుకున్నారు. ఎండిన పసుపు పెచ్చులు రాలాయి.

మోకు పుటుక్కున తెగింది. ఇద్దరూ చెరో వైపు వెల్లకిలా పడ్డారు.

"తెంపింది! నా మొగని మోకు తెంపింది!" భద్రమ్మ గుండెలు బాదుకుంది.

మహిపాల్ తెగిన కొస అందుకుని వేళ్ళతో నలిపాడు. నార పొడిపొడిగా రాలింది. లోపలంతా నల్లబడి, ముక్కిన వాసన.

"అమ్మా, కుళ్ళింది. తడి పసుపుకు లోపల ఎన్నడూ ఆరనే లేదు."

రమ లేవలేదు. గెలిచాననే సంతోషం ఆ ముఖంలో లేదు.

"ఇద్దరాడోళ్ళం గుంజితే తెగింది" అంది.

భద్రమ్మ అరుపు ఆగింది. ఆమె చూపు కొడుకు నడుము మీద పడింది. ఆనక తన అరచేతుల మీద పడింది. రెండూ పచ్చగా ఉన్నాయి. మొగిలయ్య చివరిదాకా ఈ మోకు మీదే ఎక్కాడు. ఆయన చెట్టు మీద అంత ఎత్తున దీనికి ఆనుకుని ఉన్నప్పుడు, తను కింద మళ్ళీ పసుపు కలుపుకుంటూ ఉంది.

"నేనే బిడ్డా. మొక్కుతాన్ననుకున్న. నా చేతులతోటే కుళ్ళవెట్టిన" అని బావురుమంది.

రమ పరుగున వచ్చి లేవనెత్తింది. "నడుముకు తాకిందా అత్తమ్మా? దవాఖానకు పోదామా?"

"దవాఖానెందుకే. కత్తి తే."

తెగిన మోకును భద్రమ్మ తన చేత్తోనే ముక్కలు ముక్కలుగా కోసింది. ఎవరైనా ముడేసుకుని మళ్ళీ ఎక్కుతారేమోనని ఆమె భయం. కోసినంతసేపూ ఏడుస్తూనే ఉంది. రమ పక్కన కూర్చుని రెండో కొస పట్టుకుంది.

తరువాత మహిపాల్ కొత్త బెల్టు తొడుక్కున్నాడు. ప్రతి పట్టీ రమ బిగించి, లాగి చూసింది. భద్రమ్మ గిన్నెలో వేళ్ళు ముంచి, అలవాటుగా బెల్టు మీదికి చెయ్యి చాపింది.

చెయ్యి మధ్యలోనే ఆగింది. ఆ పసుపు తీసుకెళ్ళి కొడుకు నొసటన పెట్టింది.

"పోయిరా కొడుకా" అంది. "రమా, పట్టీలు ఇంకోసారి చూడు బిడ్డా."