దివాన్‌గారు భోంచేశారా?

కొత్త కాకినాడలో కుక్క అరుపు వినిపించదు. సముద్రం మీద తేలే ఆ నగరంలో ఇళ్లన్నిటికీ గాలి గొట్టాల ద్వారానే వస్తుంది. వాటిలో బొచ్చు చిక్కుకుందంటే మేడ మేడంతటికీ ఊపిరాడదు. అందుకని 2086 నాటికి అక్కడి జనం బొచ్చు లేని జీవాలనే పెంచుకుంటున్నారు. పొద్దున్నే ఎదురుపడ్డ పొరుగువాళ్లను "మీ పాము కుబుసం విడిచిందా?" అని పలకరించడం అక్కడ మర్యాద.

ఓడలు నడిపి రిటైరైన వీరేశంగారు మొదటిసారిగా ఒక పామును తెచ్చుకున్నారు. బెదిరితే బంతిలా చుట్టుకుపోయే బాల్ పైథాన్ అది. తెలుగులో దానికి బంతిచిలువ అని పేరు పెట్టారు. విషం లేదు, కోపం తక్కువ. తల ఎత్తి ఠీవిగా చూస్తుందని ఆయన దాన్ని దివాన్‌గారు అని పిలుచుకునేవారు. గాజుపెట్టెలో ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉండేట్టు అమర్చారు. దాక్కోవడానికి మట్టిగూడు, నీళ్లకు వెడల్పాటి పళ్లెం పెట్టారు.

పాముకు మాటలు రావు. దాని కష్టసుఖాలు తెలిసేదెలా? అందుకే డాక్టర్ మందాకిని దేహవాణిని కనిపెట్టింది. చూడడానికి అదొక చిన్న చాప. నేతలో బయోసెన్సర్లు ఉంటాయి. పైన పడుకున్న ప్రాణి కండరాల బిగువు, ఒంటి వేడి, కడుపు కదలికలు కొలిచి, ఆ స్థితిని తెలుగులో పలుకుతుంది. ఇలాంటివి బయటి దేశాల్లోనూ ఉన్నాయి గానీ, అవి తెలుగు మాట్లాడితే ఆఫీసు నోటీసు చదివినట్టుంటుంది. మందాకిని అందుకు ఒప్పుకోలేదు. వేలాది తెలుగు ఇళ్లలో భోజనాల వేళ అతిథులను ఈ చాపల మీదే కూర్చోబెట్టింది. ఒంట్లో ఏం జరుగుతున్నప్పుడు నోరు ఏమంటుందో యంత్రానికి నేర్పింది. "నా యంత్రం మన ఇళ్లలో పుట్టి పెరిగిన పిల్లలా మాట్లాడుతుంది" అని సభల్లో గర్వంగా చెప్పేది. గర్వం ఎందుకుండకూడదు? మన భాష ఒక చాప నోట ఇంత ముద్దుగా పలుకుతుంటే నాకే ఒళ్లు పొంగుతుంది.

అయితే, దివాన్‌గారు రోజురోజుకీ చిక్కిపోతున్నారు.

దేహవాణి విడుదల వచ్చే వారమే. పరీక్షకని పాము పెట్టెలో చాప పరిచిన మొదటి ఇంట్లోనే ఆ పాము చచ్చిపోతే యంత్రాన్ని ఎవరు నమ్ముతారు? వీరేశంగారి ఫోన్ రాగానే మందాకిని కాఫీ కూడా తాగకుండా పరుగెత్తుకొచ్చింది.

"నా తప్పేంటో చెప్పండమ్మా," అన్నారు వీరేశంగారు గుమ్మంలోనే. "ఫ్రీజర్లోంచి ఎలకని తీసి, వేణ్ణీళ్లలో పెట్టి వెచ్చబెడతన్నానండీ. పెట్టె తెరిచేముందు మాత్రం ఓ మాట అడుగుతాను. వద్దంటన్నారు. వద్దన్నవాళ్ల నోట్లో ఎలా కుక్కుతామండీ? ఈ జాతి నెలల తరబడి తిండి మానేస్తదని పుస్తకంలో కూడా రాశారు. ఆయనిష్టం ఆయనదని ఊరుకున్నాను."

మందాకిని కంప్యూటర్ తెరిచి చూసింది. ఆకలి సూచిక పైకప్పు తాకుతోంది. సెన్సర్లలో లోపం లేదు.

"దివాన్‌గారూ, భోంచేస్తారా?" అని చాపను అడిగింది.

"అబ్బే, వద్దులెండి. ఇందాకే అయింది," అంది చాప ఎంతో వినయంగా.

"విన్నారా?" అన్నారు వీరేశంగారు దిగులుగా.

మందాకినికి పాలుపోలేదు. కొలతలన్నీ నిజమే చెబుతున్నాయి, మాట మాత్రం అబద్ధం. ఆమె మొహం చూసి వీరేశంగారికి జాలేసింది. "పొద్దున్నుంచి ఏం తిన్నట్టు లేరు. పనసపొట్టు కూర చేశాను. రెండు ముద్దలు తిని చూద్దురుగాని, రండమ్మా."

"అబ్బే, వద్దులెండి. ఇందాకే అయింది," అంది మందాకిని తెర మీంచి చూపు తిప్పకుండా.

అనేసి ఉలిక్కిపడింది. అవే మాటలు. ఆ "అబ్బే" దగ్గర సాగదీత కూడా అదే.

ఆమెకు నవ్వాగలేదు. "వీరేశంగారూ, ఇది పాము జబ్బు కాదండీ, మన జబ్బు! మొహమాటం! ఆకలేస్తున్న అతిథి ఏ ఇంట్లోనైనా ముందు ఈ మాటే అన్నాడు. ఆకలిని తెలుగులో 'వద్దులెండి' అంటారని యంత్రం నేర్చుకుంది. మనం నేర్పిందే!"

వీరేశంగారు నవ్వలేదు. "మా ఇంటికొచ్చినవాళ్లని ఒక్కమాటతో ఏనాడూ వదల్లేదమ్మా," అన్నారు మెల్లగా. "పామే కదా అనుకుని బతిమాలలేదు. చిన్నచూపు చూశాను."

ఆయన ఎలుకను వెచ్చచేసి, ఈసారి అడక్కుండా పట్టకారుతో గూటి ముందు ఆడించారు. దివాన్‌గారు నాలుక రెండుసార్లు ఆడించి, ఒక్క ఉదుటున అందుకుని చుట్టేశారు. ఆ ముద్ద మెల్లగా మెడ దాటి లోపలికి జారుతుంటే వీరేశంగారి కళ్లు చెమర్చాయి. నడిసముద్రంలో ఓడను తుఫాను నుంచి తప్పించిన రోజున కూడా ఆయన అంత గర్వపడి ఉండరు.

"రెండ్రోజులు ఒంటి మీద చెయ్యి వెయ్యకండి. అరగనివ్వండి," అంది మందాకిని. అక్కడే కూర్చుని యంత్రంలోంచి మొహమాటాన్ని తీసేసింది. ఇక ఒళ్లు చెప్పిందే చాప చెబుతుంది. పరీక్ష కోసం సంచిలోంచి ఇంకో చాప తీసి బల్ల మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించింది.

"మరి వడ్డించమంటారా?" అన్నారు వీరేశంగారు.

"వద్దండీ, నిజంగా ఆకలి లేదు."

"ఆకలి దంచేస్తోంది," అంది చాప. "నోరూరుతోంది."

మందాకిని సిగ్గుతో ఎర్రబడింది, కానీ కళ్లు మెరిశాయి. తన యంత్రం తననే పట్టేసింది! వీరేశంగారు ఒక కంచం తెచ్చిపెట్టారు. ఒక్కటే తెచ్చారని ఆమె గమనించింది.

"మరి మీరో?"

"నాదైపోయిందమ్మా. మీరు కానివ్వండి."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని చాప మీద పెట్టింది. చాప పలికిన గొంతులో వినయమేమీ లేదు.

"చాలా రోజులుగా సరిగ్గా తిండి లేదు."

వీరేశంగారు చెయ్యి లాక్కున్నారు. "ఆయన పస్తుంటే నాకు మాత్రం ముద్ద ఎలా దిగుతదమ్మా?" అన్నారు ఎటో చూస్తూ.

మందాకిని లేచి వంటింట్లోకి వెళ్లి రెండో కంచం తెచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. "ఇంకొంచెం వెయ్యమంటారా?" అని ఆయనంటే "చాలండీ" అని ఆమె అంది. "మీకో?" అని ఆమె అంటే "నాకూ చాలు" అని ఆయనన్నారు. ఇద్దరూ ఒకేసారి చాప వైపు చూసి, చెయ్యి ఆనించకుండానే గరిటె అందుకున్నారు.