ఒక ఇంట్లో మూడు నీళ్లు

గల్ఫు దేశంలోని ఫర్వానియాలో, ఆ నాలుగో అంతస్తు ఇంట్లో తెల్లవారకముందే స్టవ్వు వెలిగేది. గౌసియా బీ నీళ్లలో ఇంత జీలకర్ర వేసి, గిన్నె కళపెళలాడేదాకా అక్కడే నిలబడేది. రాయచోటి నుంచి కొడుకు దగ్గరికి మూడు నెలల విజిట్ వీసా మీద వచ్చి నెలన్నర అయింది. ఈ నెలన్నరలో ఆ ఇంట్లో దేనికీ మాటా మాటా రాలేదు, ఒక్క నీళ్లకు తప్ప.

కోడలు షగుఫ్తా సింకు కింద ఫిల్టరు మిషను బిగించుకుంది. కొడుకు మునాఫ్ నీళ్ల సీసాల కంపెనీలో లారీ నడుపుతాడు కాబట్టి అట్టపెట్టెలకు అట్టపెట్టెలు తెచ్చి బాల్కనీలో పేరుస్తాడు. గౌసియా బీకి ఈ రెండూ నచ్చవు. కొళాయి నీళ్లు పట్టి కాచుకోవాల్సిందే. ఈ ముగ్గురి మధ్యా ఏడేళ్ల మనవరాలు మిస్బా.

గౌసియా బీ భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె మొగుడు మస్తాన్ వలి నలభై ఏళ్లకే నడుం వంగిపోయి, మెడ తిరక్క, ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాల్సిన మనిషి. "ఊరి బోరు నీళ్లే నిన్ను వంచినాయి" అని డాక్టరు చెప్పిన రోజు నుంచి, ఆమె ఎవరింటికి పోయినా మొదట చూసేది మనుషుల్ని కాదు, కడవని.

ఆ పొద్దున మిస్బా స్కూలు గౌను వేసుకుని మంచం అంచున కూర్చుంది. పొట్ట పట్టుకుని లేవడం లేదు.

"ఏంది నాయనా?"

"దాదీ, ఒంటికి పోతే మంటగా ఉంది."

అంతే. గౌసియా బీ విసవిసా వంటింట్లోకి వచ్చింది.

"చూసినావా షగుఫ్తా! బిడ్డకు ఆ మిషను నీళ్లు పోయొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నా. సారమంతా అది పీల్చేసినాక ఇంక నీళ్లల్లో ఏముంటాది?"

టిఫిన్ డబ్బాకు మూత పెడుతున్న షగుఫ్తా చెయ్యి ఆగింది. "పొద్దున్నే మొదలుపెట్టొద్దత్తా. మీరు కాచేవి ఎక్కడి నీళ్లు? మిద్దె మీది ట్యాంకువి. దాన్ని ఎప్పుడు కడిగినారో ఈ బిల్డింగు కాపలా కాసే హారిస్‌కే తెలీదు. అందులో పావురాలు చచ్చి పడుంటాయి."

"కాస్తే ఏ పురుగైనా చస్తాది గదా!"

"పురుగు చస్తుంది. మామను వంచిన ఫ్లోరైడు చావదు. ఎంత మరిగిస్తే అంత చిక్కనవుతుంది. అది పోవాలంటే మిషనే ఉండాలి."

గౌసియా బీ స్టవ్వు కట్టేసింది. హాల్లోకి పోయింది, మళ్లీ వచ్చింది. "పోయినాయన పేరెత్తుతావా? నీళ్ల కోసం?"

యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ మునాఫ్ వచ్చాడు. "బస్సొచ్చే టైమయింది, ఆపండి ఇద్దరూ. దానికి సీలు తీయని బాటిలిచ్చి పంపండి, ఖలాస్."

"బాగా చెప్పినావు!" షగుఫ్తా అతని మీదికి తిరిగింది. "ఎండకు కాగిన బాటిళ్లలో ప్లాస్టిక్ దిగుతుంది, విషమే అనింది ఎవరు?"

"నీడలో పెట్టమని చెప్పినా. తాగొద్దన్నానా?"

"నాకు టికెట్టు తీయరా," అంది గౌసియా బీ. "నా చేతి నీళ్లు పనికిరాని కొంపలో నేనెందుకు?"

ఎవరూ జవాబు చెప్పేలోపు బాత్రూంలోంచి మిస్బా ఏడుపు వినపడింది. ముగ్గురూ ఒకేసారి పరుగెత్తారు.

వీధి చివర క్లినిక్‌లో వాళ్ల తెలుగు విని నర్సు నవ్వింది. "మనోళ్లేనాండీ! నా పేరు కేథరిన్. మాది రాజోలు దగ్గరండి." చిన్న డబ్బా ఇచ్చి ఒంటికి పోయించి తెమ్మంది. షగుఫ్తా బిడ్డను రెండుసార్లు తీసుకెళ్లింది. రెండుసార్లూ ఖాళీ డబ్బాతోనే తిరిగొచ్చింది.

కేథరిన్ పాప పెదాలు చూసింది, నాలుక చూసింది. "రోజూ నీళ్లు ఎలా తాగుతుందండీ?"

"ఫిల్టరువే..." "కాచి చల్లార్చి..." "బాటిళ్లుంటాయి సిస్టర్..."

"ఏ నీళ్లని కాదండీ బాబూ. ఎన్ని నీళ్లని."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "స్కూలు బాటిలు ఖాళీ అయ్యే వస్తుంది," అంది షగుఫ్తా మెల్లగా.

కేథరిన్ మిస్బా ముందు వంగింది. "నువ్వే తాగేత్తున్నావా బంగారూ?"

మిస్బా తలొంచుకుంది. "మొక్కలకు పోస్తా."

"ఎందుకమ్మా?"

"అమ్మీ నీళ్లు తాగితే ఎముకలు గుల్లయి దాదా లాగా వంగిపోతానని దాదీ చెప్పింది. దాదీ నీళ్లల్లో చచ్చిన పావురం ఉంటుందని అమ్మీ చెప్పింది. బాటిల్లో విషం ఉందని అబ్బా అన్నాడు." తర్వాత తప్పు ఒప్పుకున్నట్టు అంది. "గొంతు ఎండిపోతే పుక్కిలించి ఊసేస్తా. మింగను. పాలు తాగుతా."

గౌసియా బీ మనవరాలి నూనె జడ వైపు చూసింది. రోజూ సాయంత్రం ఆ పిల్ల తలకు నూనె రాస్తూ తనే చెప్పింది ఆ కథ. లేచి నిలబడి, నడుం వంచి, మస్తాన్ వలి ఎట్లా నడిచేవాడో చేసి కూడా చూపించింది. పిల్ల కళ్లు ఇంతింత చేసుకుని చూస్తుంటే కథ బాగుందనుకుంది. బిడ్డ వణుకుతోందని తెలుసుకోలేదు.

"మూడిట్లో ఏవైనా పరవాలేదండీ," అంది కేథరిన్. "ఫిల్టరు మారుస్తూ ఉండండి, ట్యాంకు కడిగించండి, సీసాలు ఎండలో పెట్టకండి. అయ్యన్నీ తర్వాత. ముందు పాప కడుపులోకి నీళ్లెళ్లాలి."

క్లినిక్ హాలు మూల కొళాయి స్టాండు మీద ఒక నీళ్ల డబ్బా బోర్లించి ఉంది. గౌసియా బీ లేచి పోయి కాగితం గ్లాసు నిండా పట్టింది. ముప్పై ఏళ్లుగా కొత్తచోట నీళ్లు ఎక్కడివని అడక్కుండా నోట పెట్టని మనిషి. ఆమె మనవరాలి ముందు నేల మీద చతికిలబడి, గ్లాసెత్తి, గటగటా తాగేసింది.

"చూడు. వంగినానా నేను?"

మిస్బా కళ్లార్పకుండా చూసింది.

"దాదీ తప్పు చెప్పింది బంగారూ. దాదాను వంచిన నీళ్లు మా ఊరి బోరువి. అవి ఆడే ఉండాయి. సముద్రం దాటి నీకోసం రాలేదు."

"మరి పావురం?"

షగుఫ్తా కూడా కింద కూర్చుంది. "పావురం లేదురా. అమ్మీ కోపంలో నోటికొచ్చింది అనింది."

మునాఫ్ ఇంకో గ్లాసు పట్టి, తనొక గుక్క తాగి, కూతురికి అందించాడు. మిస్బా ముగ్గురి వైపూ మార్చి మార్చి చూసింది. పెదాలు తడుపుకుంది. ఒక గుక్క మింగింది. ఆ తర్వాత ఆ పిల్ల తాగిన తీరు చూడలేక గౌసియా బీ మొహం తిప్పుకుంది. మిస్బా రెండు గ్లాసులు దించకుండా తాగింది.

అరగంట తర్వాత మిస్బా నర్సు ఇచ్చిన చిన్న డబ్బా పట్టుకుని, తనే పోతానని బాత్రూంలోకి పోయింది. ముగ్గురూ తలుపు బయట బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు.

"నేను మామ పేరు ఎత్తుండకూడదత్తా," అంది షగుఫ్తా.

"నువ్వు అనింది నిజమే గదా తల్లీ. ఆయన బతికున్నప్పుడే ఆ మిషను మా ఊరికి వచ్చింటే..." గౌసియా బీ బాత్రూం తలుపు వైపు తిరిగింది. షగుఫ్తా ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతిని గౌసియా బీ వెనక్కి లాక్కోలేదు.

లోపలి నుంచి కేక వినపడింది. "అమ్మీ! దాదీ! వస్తోంది!"

మునాఫ్ గట్టిగా నవ్వాడు. హాల్లో వాళ్లంతా తిరిగి చూశారు. గౌసియా బీ కళ్లనీళ్లు తుడుచుకోకుండానే తలుపు దగ్గరికి ఒరిగింది.

"నిదానంగా పోయ్ నాయనా. తొందరేం లేదు. మేం ముగ్గురం ఈడే ఉండాం."