నీ ఒంటికి సరిపడింది

వేలి కొసన తీసిన నెత్తుటి బొట్టు గాజు పలక మీద పాకుతుంటే అప్పలకొండ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. విశాఖలో ఆ యంత్రాన్ని అందరూ 'మూలికల మీటర్' అంటారు. డాక్టర్ కాదంబరి ఆరేళ్లు శ్రమపడి తయారుచేసింది. బొట్టు రక్తంతో మనిషి కాలేయానికీ గుండెకూ కంప్యూటర్‌లో ఒక నమూనా కట్టి, అడిగిన మూలికను దానికి నెల రోజులు తాగించి చూస్తుంది. మనకు పట్టేది నాలుగు నిమిషాలు.

"జిన్‌సెంగ్ వేరు పొడి మీకు ఫరవాలేదు," అంది కాదంబరి. "నీరసం తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. నిద్ర చెడితే మానేయండి."

"ఉత్త సెట్టు వేరు కదమ్మా, అదేం సేస్తాది?"

"వేరైనా మందే. మీ ఒంటికి సరిపడిందన్నాను, అంతే."

షిప్‌యార్డ్‌లో ముప్ఫై ఏళ్లు వెల్డింగ్ చేసి రిటైరైన అప్పలకొండకు ఆ చివరి మాట చెవికెక్కలేదు. వారం తిరక్కుండా ఒంట్లో హుషారొచ్చినట్టనిపించింది. భార్య నూకరత్నం గుండెలో లోహపు వాల్వ్ వేసి మూడేళ్లయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. తనొక్కడే కోలుకోవడం అతనికి తప్పుగా తోచింది. పొద్దున్నే ఆ పొడి వేడినీళ్లలో కలిపి, తేనె వేసి, తనే చేతికందించాడు.

"నాకు పడతాదంటావా?"

"మిషనే సెప్పింది. తాగు."

ఇరవయ్యో రోజున ఆమె చేతిలోంచి గ్లాసు జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. వేళకు ఆస్పత్రికి చేర్చబట్టి చెయ్యి దక్కింది, మాటా తిరిగొచ్చింది.

కబురు విని కాదంబరి పరుగున వచ్చింది. నూకరత్నం రక్తం చూసిన మీటర్, ఆ పొడి ఆమెకు పడదని ఎర్రగీత చూపించింది.

"వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా ఆవిడ మాత్ర వేసుకుంటున్నారు కదా. కొందరిలో జిన్‌సెంగ్ ఆ మాత్ర బలాన్ని తగ్గిస్తుంది. ఇక్కడ అదే జరిగింది, గడ్డ మెదడుకెక్కింది."

"నా సేతుల్తో నేనే ఇచ్చానమ్మా!" అప్పలకొండ గోడవారన కూలబడ్డాడు.

ఆమె పక్కనే కూర్చుంది. "తప్పు నాదీ ఉంది. మీ ఒంటి గురించి అన్నీ అడిగాను. ఇంట్లో ఇంకెవరున్నారని అడగలేదు."

నెలలోగా యంత్రం కొత్త ప్రశ్న వేయడం మొదలుపెట్టింది: 'దీన్ని ఇంకెవరికైనా ఇస్తారా?' మూడు నెలల్లో నాలుగు వేల మంది వచ్చారు. నాలుగు వేల మందీ 'ఇవ్వను' అనే నొక్కారు.

"ప్రేమకొద్దీ ఆడే అబద్ధాన్ని పట్టుకునే యంత్రం నాకు చేతకాదు," అంది కాదంబరి అప్పలకొండతో, అలసటగా.

అప్పలకొండ మర్నాటి నుంచి వచ్చి యంత్రం పక్కన బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు.

ఒకరోజు ఒకావిడ 'ఇవ్వను' నొక్కి సంచి సర్దుకుంటోంది.

"ఏటమ్మా, పొడి సీసాలు రెండున్నాయి?"

ఆమె తడబడింది. "ఒకటి మా అత్తయ్యకండీ. పాపం, ఒకటే నీరసం."

"ఏం మాత్రలేసుకుంటాది?"

"షుగరుకేవో... సరిగ్గా తెలీదు."

అప్పలకొండ రెండో సీసాను మెల్లగా తన ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఇది నా కాడుంటాది తల్లీ. ఆయమ్మని తీసుకొచ్చి, మిషన్‌కి సూపించి పట్టికెళ్లు."