మూడో రోజు మీద టీ మరక

బ్రయనీని మొదటిసారి కలిసిన రోజు హామిష్ తన టీ కప్పును సరిగ్గా ఆమె మూడో రోజు మీద పెట్టాడు.

నడక క్లబ్బు హాల్లో బల్ల మీద మ్యాపు పరిచి ఉంది. ఐదు రోజులు, తొంభై కిలోమీటర్లు, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చే దారి. కప్పు తీసేసరికి యూకలిప్టస్ అడవి నడుమ గుండ్రటి గోధుమరంగు మరక మిగిలింది.

"కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా? ఈ మ్యాపు కోసం బెండిగో పట్నం దాకా వెళ్ళాను."

"కోప్పడకు. వానల్లేని ఈ ఏడాది ఆ అడవిలో మిగిలిన చెరువు ఇదొక్కటే."

బ్రయనీ నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం హామిష్ చూశాడు. ఆ తర్వాత ఏడు గురువారాలు వరసగా క్లబ్బుకు వచ్చాడు.

బ్రయనీ బడిలో పిల్లలకు చెక్కపని నేర్పుతుంది. కొలవనిదే ఏ పనీ చెయ్యదు. ఎండబెట్టిన మాంసం, ఓట్సు పొట్లాలు కట్టి తూచింది. బరువు తగ్గుతుందని పళ్ళ బ్రష్షు పిడి కూడా కోసేసింది.

"గోళ్ళు కూడా కత్తిరించుకో, ఇంకో గ్రాము తగ్గుతుంది," అన్నాడు హామిష్.

"ఒంటరిగా వెళ్తున్నానుగా. నీ కబుర్లు మొయ్యక్కర్లేదు, అదే పది కిలోలు మిగులు."

నీళ్ళ బరువు మాత్రం తగ్గించలేకపోయింది. వాగులన్నీ ఎండిపోయాయి. రెండు రోజుల నీళ్ళు వీపున మొయ్యగలదు. మూడో రోజు నుంచి కావలసిన నీళ్ళు ఎవరైనా ముందే తీసుకెళ్ళి దారిలో దాచాలి. అడవి అంచు ఊళ్ళకు వ్యానులో ఉత్తరాలు పంచే హామిష్ ఆ పని తన మీద వేసుకున్నాడు.

"నాలుగేళ్ళలో ఒక్క ఉత్తరం తప్పు గడపకి వెయ్యలేదు. నీ నీళ్ళు తప్పుతాయా?"

శనివారం క్యాన్లు పొదల్లో దాచి, వాటి మీద ఆమె పేరూ తేదీ రాశాడు. పేరూ తేదీ ఉన్న నీళ్ళను ఆ అడవిలో ఎంత దప్పికగొన్నవాడూ ముట్టుకోడు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, తపాలా ఆఫీసు గోడ మీద కొత్త మ్యాపు చూసి హామిష్ అక్కడే ఆగిపోయాడు. తను వెళ్ళిన బండిదారి ఒకచోట రెండుగా చీలుతోంది. బ్రయనీ మ్యాపులో ఆ చీలిక టీ మరక కింద ఉండిపోయింది. తను తప్పు చీలిక పట్టాడు; నీళ్ళు పక్క కొండమీద ఉన్నాయి. ఆమె బయలుదేరేది తెల్లారితే.

వ్యానెక్కి అడవి వైపు దూసుకెళ్ళాడు. శనివారం తెరిచి ఉన్న బండిదారి గేటుకు ఇప్పుడు తాళం. చలికాలం పోయేదాకా బళ్ళకు దారి మూసేశామని కాగితం అంటించి ఉంది.

వెనక్కి వచ్చి బ్రయనీ ఇంటి తలుపు తడితే, తీసింది ఆమె తండ్రి డెస్. హామిష్ ముఖం చూశాడు గాని ఏమీ అడగలేదు. పొయ్యి దగ్గరున్న కుర్చీ కాస్త ఇటు జరిపి, టీకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు. భార్య పోయిన ఆరేళ్ళలో, అడగకుండా ఉండటం ఎప్పుడు మంచిదో ఆయనకు తెలిసింది.

బ్రయనీ కూర్చున్న బల్ల మీద మ్యాపు, దాని పక్కన పోలీసు స్టేషనులో ఇవ్వాల్సిన ఫారం. నడిచేవారు: బ్రయనీ. ఆదివారం సాయంత్రం ఆరింటికి తిరిగి రాకపోతే పోలీసులకు కబురు పెట్టాల్సినవారు: హామిష్.

"బ్రయనీ, నీళ్ళు అక్కడ లేవు."

చెప్పేశాడు. మరకా, చీలికా, తాళమూ.

"ఎప్పుడు తెలిసింది?"

"మూడింటికి."

"ఇప్పుడు ఐదున్నర."

"గేటు దాకా వెళ్ళొచ్చా. తర్వాత మీ ఇంటిముందే వ్యానులో కూర్చున్నా, పావుగంట."

"ఎందుకూ?"

"చెప్తే నన్ను ఇంకెప్పుడూ నమ్మవని. చెప్పకపోతే మూడో రోజు నీకు గుక్కెడు నీళ్ళుండవు. అందుకే లోపలికొచ్చా."

బ్రయనీ స్కేలు తీసుకుంది. ఫారంలో అతని పేరు మీద తిన్నగా గీత కొట్టింది.

హామిష్ లేచాడు.

"వెళ్తాను."

"ఎక్కడికి? కూర్చో." ఆమె స్కేలు మ్యాపు మీదికి జరిపింది. "నీళ్ళు ఇటు రావు. దారే అటు వెళ్ళాలి."

"ఆ కొండకా? అక్కడ రాతిగోడలు దిగాలి. సంచులు తాడు కట్టి దించాలి. ఒక్కదానివే వెళ్ళకూడదు!"

"ఒక్కదాన్నే వెళ్తానని ఎవరన్నారు?" నడిచేవారి వరసలో తన పేరు కింద హామిష్ పేరు రాసింది. "నడిచేవాణ్ణే కబురు పెట్టమంటే ఎలా? అందుకే అక్కడ కొట్టేశా. నువ్వేమనుకున్నావు?"

"చాలా అనుకున్నా." అతను మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

"ఇద్దరికి నీళ్ళే చాలవు. ఎనిమిది లీటర్లేగా పెట్టింది?"

"పదహారు."

"ఎనిమిది చాలని చెప్పానా!"

"భయమేసింది. రెట్టింపు పెట్టా."

ఆమె పదహారును రెండుతో భాగించుకుని తలూపింది. "సెలవో? ఉత్తరాలెవరు పంచుతారు?"

"రేపట్నుంచి ఐదు రోజులు సెలవు పెట్టేశా, పోయిన వారమే."

"దేనికి?"

హామిష్ చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు అడవిలో ఉంటే ఉత్తరాలు సరైన గడపకి వేస్తానని నమ్మకం లేక. ఫోను దగ్గర కూర్చుని కంగారు పడదామని."

ఈసారి బ్రయనీ నవ్వు ఆపుకోలేదు. బల్ల మీదుగా చెయ్యి చాపి అతని వేళ్ళు పట్టుకుంది.

డెస్ టీ కప్పుతో వచ్చాడు. అన్నీ విన్నాడని ముఖమే చెబుతోంది. కళ్ళజోడు పెట్టుకుని ఫారం తన వైపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడు కంగారు పడే ఉద్యోగం ఖాళీగా ఉందన్నమాట. ఇలా ఇవ్వండి, నాకు అనుభవం ఉంది." కొట్టేసిన పేరు పక్కన తన పేరు రాశాడు. "ఆరింటికి కదా? ఐదింటి నుంచే మొదలుపెడతాను. అబ్బాయ్, వెళ్ళి నీ పళ్ళ బ్రష్షు పట్టుకురా. పిడి కోసేస్తుంది."

"తెస్తానండీ," అన్నాడు హామిష్. డెస్ ఇచ్చిన వేడి కప్పు చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లోనే ఉంచాడు. బల్ల నిండా మ్యాపే.

"అక్కడే పెట్టు," అంది బ్రయనీ పాత మరక చూపిస్తూ. "సరిగ్గా దానిమీదే. ఇంకో చెరువు తవ్వావంటే ఊరుకోను."