అర శ్రుతి తేడా

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో స్కూలు యూనిఫాం అంచు విప్పుతోంది. బల్ల మీద టిఫిన్ పళ్లేలు పక్కకు జరిపి పెద్దమ్మాయి తన పెట్టె తీసి పెట్టుకుంది.

పెట్టె అంటే గొంతుకు మెరుగులు దిద్దే మిషను, లావుపాటి పుస్తకమంత ఉంటుంది. ఇటు మైకు తగిలిస్తే అటు స్పీకర్లకు వెళ్తుంది, మధ్యలో గొంతుకు కావలసిన సింగారమంతా చేస్తుంది. జారిన స్వరాన్ని లాగి శ్రుతిలో కూర్చోబెడుతుంది. మామూలు మైకును కూడా స్టూడియోలో అద్దాల గదిలో వేలాడే పాతకాలపు మైకులా వినిపిస్తుంది. అలాంటి మైకుల నమూనాలు పన్నెండు ఉన్నాయి అందులో. చెల్లెలు చిన్ని గొంతుకు నప్పేది ఏదో తేల్చుకోవడానికి పెద్దమ్మాయికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత పాటకొకటి చొప్పున ప్రీసెట్లు, అంటే ముందే కుదిర్చిన అమరికలు, తయారుచేసి, నంబర్లు వేసి దాచింది. కాలితో మీట నొక్కితే చాలు, పాటకు తగ్గ గొంతు సిద్ధం.

"అక్కా, రెండో పాట ఐదు శ్రుతిలోనే ఉంచావు కదా? పోయిన వారం పై స్వరం అందుకోవడానికి కాస్త కష్టమైంది," అంది చిన్ని వేడినీళ్లు తాగుతూ.

"ఐదే. శ్రుతి ఎక్కడికీ పోలేదు. నువ్వే సరిగ్గా నిద్రపోయి ఉండవు."

"అయ్యుండొచ్చు."

"ఒక్క చరణం పాడు. లెవెల్ చూసుకుంటాను."

చిన్ని తడబడింది. "అక్కడికెళ్లాక చూసుకుందాంలే అక్కా."

ఎప్పుడూ ఇదే మాట. రెండేళ్లుగా ఆ పిల్ల ఇంట్లో కూనిరాగం తీసిన పాపాన పోలేదు. ఇంట్లో పాడితే అరిగిపోతుంది కాబోలు అనుకుంది పెద్దమ్మాయి. వైరు చుట్టచుట్టి సంచిలో కుక్కింది.

రెండేళ్ల కిందటి దాకా చిన్ని ఇప్పుడు ఆదివారాలు పాడుతున్న విందు హాల్లో పాడింది తనే. తొమ్మిదేళ్లు ఆ వేదిక తనది. మెడ దగ్గర థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ చేసినప్పుడు గొంతుకు వెళ్లే నరం దెబ్బతింది. ప్రాణానికి ఢోకా లేదు గానీ పై స్వరాలు ఇక రావన్నారు డాక్టర్లు. మాట బొంగురుపోయింది. ఖాళీ అయిన చోటులోకి చిన్ని వచ్చి నిలబడింది. పెద్దమ్మాయి పక్కకు జరిగి పెట్టె దగ్గర కూర్చుంది. అందరూ మెచ్చుకున్నారు, అక్కాచెల్లెళ్లంటే ఇలా ఉండాలని. ఆ మెప్పు వింటున్నప్పుడల్లా ఆమె వంగి వైర్లు సర్దుకునేది.

మధ్యాహ్నం హాలు గుమ్మం పక్కన కొత్త బోర్డు కనిపించింది. దాని మీద నిలువెత్తు చిన్ని ఫొటో. పెద్దమ్మాయి దాన్ని దాటుకుని లోపలికి వెళ్లి వైర్లు తగిలిస్తుంటే ఒక పెద్దావిడ దగ్గరకొచ్చింది. ఆవిడ పెళ్లిరోజుకు వరసగా మూడేళ్లు పాడింది తను.

"ఆ అమ్మాయి గొంతు తేనె అనుకోండి. ఇంతకు ముందు ఎవరో పాడేవారు, గుర్తు రావట్లేదు. మైకులు చూసేది మీరేనా?"

"అవునండీ," అంది పెద్దమ్మాయి.

మొదటి పాటకు చప్పట్లు మోగాయి. చిన్ని నవ్వుతూ మంచినీళ్ల సీసా అందుకుంది. ఆ కాస్త వ్యవధిలో పెద్దమ్మాయి వేళ్లు పెట్టె మీదికి వెళ్లాయి. రెండో ప్రీసెట్ తెరిచింది. ఐదు శ్రుతిని ఐదున్నర చేసింది. స్వరాన్ని లాగే బలం మీటను చివరికంటా తిప్పింది. ఏం చేస్తోందో ఆమెకు బాగా తెలుసు.

చిన్ని ఐదులో ఎత్తుకుంది. పెట్టె ఐదున్నరలోకి లాగింది. కొన్ని స్వరాలు ఉన్నచోటే నిలిచాయి, కొన్ని పక్కకు ఒరిగాయి. తేనె లాంటి ఆ గొంతు స్పీకర్లోంచి వంకర్లు పోతూ బయటికొచ్చింది. ముందు వరసలో ఎవరో ఫక్కుమన్నారు. వెనక వరసల్లో నవ్వులు పాకాయి. చిన్ని అక్క వైపు చూసింది. అక్క తలెత్తలేదు.

పాడుతూనే చిన్ని నాలుగడుగులు వేసి పెట్టె దగ్గరికొచ్చింది. తెర మీది అంకె చూసింది. పెట్టె పనిచేయకుండా ఆపే మీటను తన కాలితో తనే నొక్కింది. మిగతా పాట వట్టి గొంతుతో పూర్తిచేసింది. పై స్వరం దగ్గర జీర వచ్చింది, అయినా వదల్లేదు.

హాలు మేనేజరమ్మ మొహం గంటు పెట్టుకుని వచ్చింది. "ఏమిటిది? జనం నవ్వుకుంటున్నారు."

"తప్పు నాదేనండీ," అంది చిన్ని. "శ్రుతి మర్చిపోయి ఎత్తుకున్నాను."

ఇద్దరూ ఇంటికి వచ్చారు. చెప్పులు విప్పుతుండగా అమ్మ అడిగింది, "ఏమే, మొహాలు అలా ఉన్నాయి?"

"ఏం లేదమ్మా," అంది చిన్ని.

ఆ మాటే పెద్దమ్మాయికి ఒళ్లు మండించింది. "ఏం లేదేంటి? చెప్పు. మా అక్క నన్ను పదిమందిలో నవ్వులపాలు చేసిందని చెప్పు. అక్కడా నువ్వే మంచిదానివి, ఇక్కడా నువ్వే మంచిదానివి."

అమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"ఎందుకు చేశావక్కా?" చిన్ని అడిగింది, మెల్లగానే.

"ఆ గొంతు నీదనుకుంటున్నావు గనక. శ్రుతి నేను దిద్దుతున్నాను. ఏ మైకులా వినిపించాలో నేను చూస్తున్నాను. ఫొటో మాత్రం నీది. ఇక నువ్వా, ఇంట్లో ఒక్క ముక్క పాడవు. నా ముందు పాడితే నీ స్థాయి తగ్గిపోతుందా?"

చిన్ని గోడకానుకుని కింద కూర్చుండిపోయింది.

"ఆపరేషనయ్యాక నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఏదో పాడుకుంటున్నాను. నువ్వు దుప్పటి తల మీదికి లాక్కున్నావు. నీ భుజాలు కదులుతుంటే చూశాను. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో నోరు విప్పలేదు. బస్టాండు వెనక సందులో పాడుకుని వస్తున్నాను. అమ్మకు తెలుసు."

పెద్దమ్మాయి అమ్మ వైపు చూసింది. అమ్మ అవునన్నట్టు తలాడించింది. "కూరలకని చెప్పి వెళ్తుందే. ఎన్నిసార్లు ఉత్త సంచితో వచ్చిందో. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

రెండేళ్లుగా పొగరనుకున్నది ఇదా? పెద్దమ్మాయి చెల్లెలి పక్కన కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. కళ్లనీళ్లు వేళ్ల సందుల్లోంచి కారాయి.

"నీ మీద కుళ్లుకున్నానే," అంది. "చప్పట్లు విన్నప్పుడల్లా. నువ్వు బాగా పాడిన రోజున మరీ."

"నాకూ కోపంగానే ఉందక్కా," అంది చిన్ని. "ఆ నవ్వులు చెవుల్లోంచి పోవట్లేదు. రేపటికే పోతుందని చెప్పలేను."

"పోవద్దు. అంత తొందరగా పోతే నాకే సిగ్గు."

మర్నాడు ఉదయం పెద్దమ్మాయి ఒక్కతే హాలుకు వెళ్లింది. మేనేజరమ్మ బల్ల ముందు నిలబడి, చెల్లెలు చెప్పింది అబద్ధమని, శ్రుతి మార్చింది తనేనని, కావాలనే మార్చానని చెప్పింది.

మేనేజరమ్మ కళ్లజోడు తీసింది. "మిషను తప్పంటే సర్దుకునేదాన్ని. మనిషి తప్పంటే ఎలా? ఆ అమ్మాయిని రమ్మను. పెట్టె దగ్గర వేరేవాళ్లను కూర్చోబెడతాను."

"అలాగేనండీ," అని వచ్చేసింది.

సంగతి విని చిన్ని గంటసేపు గదిలో అటూ ఇటూ తిరిగింది. చివరికి తనే మేనేజరమ్మకు ఫోన్ చేసింది. "అక్క లేకుండా నేను రానండీ. నా గొంతు సంగతి ఆవిడకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు." అటు నుంచి చాలా మాటలు వినిపించాయి. ఒక నెల విరామం, ఆ తర్వాత ఒక ఆదివారం చూస్తామన్నారు. అంతకు మించి హామీ ఏమీ లేదు.

"నెల రోజులుంది. కొత్త పాట నేర్పు," అంది చిన్ని బల్ల దగ్గర కూర్చుంటూ. "చరణంలో ఆ మెలిక ఉంది చూడు, అది నాకు పట్టుబడట్లేదు."

పెద్దమ్మాయి చేత్తో గాల్లో గీసి చూపించింది. చిన్ని అలాగే చేత్తో గీసి తప్పింది. మళ్లీ గీసింది. మళ్లీ తప్పే.

"అలా కాదే," అని పెద్దమ్మాయి విసుక్కుని, ఆలోచించకుండా పాడేసింది. బొంగురుగా వచ్చింది. మధ్యలో గాలి తప్ప స్వరం లేదు. ఆమె ఉలిక్కిపడి చేత్తో నోరు మూసుకోబోయింది. చిన్ని ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఊఁ, ఇంకోసారి," అంది.

పెద్దమ్మాయి ఇంకోసారి పాడింది. అమ్మ కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. చిన్ని అదే మెలిక అందుకుంది, రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో, నిండు గొంతుతో.